సముద్ర సరిహద్దులో గస్తీ బోట్లు చేసే పని ఏమిటి? మనవాళ్ల బోటు గీత దాటకముందే ఎందుకు ఆపలేకపోతున్నారు?

ప్రశ్న: తీరపు మాస్టారు

నేను శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కనే ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. మా పిల్లల్లో చాలామంది తండ్రులు ఏటా ఆగస్టులో గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్లి, అక్కడి యజమానుల మరపడవల మీద వేటకు కుదిరి, ఎండాకాలంలో ఇంటికి వస్తారు. 2018 చివర్లో అలా వెళ్లినవారిలో 22 మంది పాకిస్తాన్ గస్తీ నౌకలకు చిక్కి ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండిపోవడం, వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగి రావడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా ఊళ్లలో ఇప్పటికీ ఆ ఏడాది గురించి సొంత ఇంట్లో జరిగిన సంగతిలాగే మాట్లాడుకుంటారు.

మొన్న ఎనిమిదో తరగతిలో దేశ సరిహద్దుల పాఠం చెబుతూ నల్లబల్ల మీద కచ్ తీరం గీసి, అక్కడి నుంచి సముద్రంలోకి ఒక చుక్కల గీత లాగాను. ఒక కుర్రాడు లేచి, "మాస్టారూ, మన నేవీకి అంత పెద్ద పెద్ద ఓడలున్నాయి కదా, మా చిన్నాన్న బోటు ఆ గీత దాటకముందే ఎవరూ ఎందుకు ఆపలేదు?" అని అడిగాడు. తెలిసినంత వరకు చెప్పానుగానీ నేను చెప్పినదానితో నాకే తృప్తి కలగలేదు.

నౌకాదళం, కోస్ట్‌గార్డ్, మెరైన్ పోలీసులు అని మూడు వ్యవస్థలు ఉండగా సరిహద్దు దగ్గర తిరిగే గస్తీ బోటు ఎవరిది, అది రోజంతా చేసే పని ఏమిటి, ఇంకొకరిని ఆపే అధికారం దానికి ఎక్కడి వరకు ఉంటుంది? ఈ పనిలో ఉన్నవారు, ఉండి వచ్చినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: పాత నావికుడు

మాస్టారూ, నా ఉద్యోగ జీవితంలో చాలా ఏళ్లు గస్తీ నౌకల మీదే గడిచాయి కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను. మీ కుర్రాడి ప్రశ్న చిన్నదే అయినా, గస్తీలో అన్నిటికన్నా కష్టమైన చోటునే అతడు పట్టుకున్నాడు.

ముందుగా ఎవరి పని ఎక్కడో చూద్దాం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే దాదాపు 22 కిలోమీటర్ల వరకు, ప్రాదేశిక జలాలు. 200 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 370 కిలోమీటర్ల వరకు, ప్రత్యేక ఆర్థిక మండలి. ఒడ్డుకు దగ్గరగా మెరైన్ పోలీసుల 5 టన్నుల, 12 టన్నుల చిన్న బోట్లు తిరుగుతాయి. వాటికి అవతల కోస్ట్‌గార్డ్ నౌకలు, ఇంకా లోతు సముద్రంలో నౌకాదళం ఉంటాయి. కచ్ దగ్గర రెండు దేశాల మధ్యనున్న సర్ క్రీక్ లాంటి బురద పాయల్లో సరిహద్దు భద్రతా దళం (బీఎస్‌ఎఫ్) జలవిభాగం కాపలా కాస్తుంది. చేపల దొంగవేట, దొంగ రవాణా, ఆపదలో ఉన్నవారిని కాపాడటం వంటి పనులకు యుద్ధనౌకలను వాడటం సరికాదన్న ఆలోచనతోనే 1977 ఫిబ్రవరి 1న కోస్ట్‌గార్డ్ తాత్కాలికంగా మొదలై, మరుసటి ఏడాది చట్టంతో స్థిరపడింది. కాబట్టి మీ కుర్రాడు ఊహించుకుంటున్న పెద్ద ఓడ ఆ గీత దగ్గర సాధారణంగా ఉండదు. అక్కడ తిరిగేది ఎక్కువగా కోస్ట్‌గార్డ్ గస్తీ నౌకే.

ఈ ఏర్పాటు ఇప్పుడున్న రూపానికి రావడానికి కారణం 2008 నవంబరు. కరాచీ వైపు నుంచి బయలుదేరిన పది మంది ఉగ్రవాదులు పోర్‌బందర్‌కు చెందిన 'కుబేర్' అనే చేపల బోటును సముద్రంలోనే స్వాధీనం చేసుకుని, దానిలోనే ముంబయి దాకా వచ్చి, దాన్ని నడిపిన సరంగును చంపి, రబ్బరు బోటులో ఒడ్డుకు చేరారు. బయటి నుంచి చూసినవారికి కుబేర్ వేట నుంచి తిరిగి వస్తున్న వేల బోట్లలో ఒకటిగానే కనిపించింది. ఆ తర్వాత 2009లో మొత్తం సముద్ర భద్రతకు నౌకాదళాన్ని, ప్రాదేశిక జలాల్లోని తీర భద్రతకు కోస్ట్‌గార్డ్‌ను బాధ్యులను చేశారు. ముంబయి, కొచ్చి, విశాఖపట్నం, పోర్ట్‌బ్లెయిర్‌లలో సంయుక్త కేంద్రాలు పెట్టారు. నౌకాదళంలో 'సాగర్ ప్రహరీ బల్' పేరుతో వేగమైన చిన్న బోట్ల దళం ఏర్పడింది. అంత పెద్ద నౌకాదళం పనిగట్టుకుని అంత చిన్న బోట్లు ఎందుకు కొన్నదో మీ పిల్లలను ఆలోచించమనండి.

గస్తీ అనగానే జనం తుపాకులను ఊహించుకుంటారు. మా పనిలో తొంభై పాళ్లు చూడటం, అడగటం, రాసుకోవడమే. రాత్రి రెండు గంటలప్పుడు రాడార్ తెర మీద నలభై చుక్కలు ఉంటాయి. వాటిలో సగం చెక్క బోట్లు కాబట్టి అల పైకి లేస్తే చుక్క కనిపిస్తుంది, అల దిగితే మాయమవుతుంది. ఒక చుక్క తక్కినవాటికి దూరంగా, దీపం లేకుండా, వల లాగే వేగం కన్నా ఎక్కువ వేగంతో పోతుంటే దాన్ని సముద్రం మీద అందరూ వినే రేడియో ఛానెల్‌లో, అంటే వీహెచ్‌ఎఫ్ 16వ ఛానెల్‌లో, పిలుస్తాం. పలకకపోతే దగ్గరికి వెళ్లి సెర్చ్‌లైట్ వేస్తాం. రబ్బరు బోటు దింపి నలుగురైదుగురు ఆ పడవ పక్కకు చేరతారు. అల ఎత్తినప్పుడు దాని అంచు మన ఛాతీ దాకా వస్తుంది, తగ్గినప్పుడు మనకన్నా రెండు బారలు పైకి పోతుంది కాబట్టి ఏ క్షణంలో చెయ్యి వేసి ఎక్కాలన్నది అనుభవం మీద తెలియాల్సిందే. ఎక్కాక రిజిస్ట్రేషన్ కాగితాలు, మనుషుల గుర్తింపు కార్డులు చూసి, ఐసు గది మూత తీసి టార్చి వేస్తాం. పది రోజులు వేటాడామని చెప్పిన బోటు ఐసు గదిలో చేపల కింద ఐసు కరగకుండా పలకలు పలకలుగా ఉంటే అక్కడే అనుమానం మొదలవుతుంది. నేను ఎక్కిన బోట్లలో నూటికి తొంభై తొమ్మిది నిజమైన జాలరుల బోట్లే. అయినా ప్రతి దానిలోనూ మూత తీసి చూడాల్సిందే.

ఇప్పుడు ఆపడం సంగతి. ఇది లెక్క, మీరు బల్ల మీద వేయించవచ్చు. మరపడవ మామూలుగా గంటకు 8 నాటికల్ మైళ్లు పోతుంది. అది గీతకు 5 మైళ్ల దూరంలో ఉండగా గస్తీ నౌక దాన్ని గమనించిందనుకోండి. బోటు గీతను దాటడానికి 37, 38 నిమిషాలు చాలు. గస్తీ నౌక 30 మైళ్ల దూరంలో ఉంటే, గంటకు 34 మైళ్ల పూర్తి వేగంతో వచ్చినా 53 నిమిషాలు పడుతుంది. అంటే వేగంలో నాలుగింతలున్న నౌక కూడా పావుగంట ఆలస్యంగానే చేరుతుంది. పైగా అదే సమయంలో అలాంటి బోట్లు పది వేర్వేరు చోట్ల ఉంటాయి. అందుకే మనవాళ్లు దూరంగా ఉన్నప్పుడే రేడియోలో కేకేసి వెనక్కి తిప్పడం గస్తీ నౌకకు ఉన్న మొదటి సాధనం. ఆ కేక వినడానికి అవతల రేడియో వేసి ఉండాలి.

కేక సమయానికి చేరితే ఏమవుతుందో 2024 నవంబరు 17న గుజరాత్ తీరానికి దూరంగా కనిపించింది. వేట నిషిద్ధ ప్రాంతం దగ్గర 'కాలభైరవ్' అనే మన బోటును పాకిస్తాన్ సముద్ర భద్రతా సంస్థ నౌక అడ్డగించి మనుషులను ఎక్కించుకుపోతుంటే, పక్కనున్న మరో చేపల బోటు మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో రేడియోలో కోస్ట్‌గార్డ్‌కు చెప్పింది. మన నౌక దాదాపు రెండు గంటలు వెంటాడి ఆ నౌకను నిలువరించి ఏడుగురినీ విడిపించి ఓఖా రేవుకు తెచ్చింది. దెబ్బతిన్న బోటు మాత్రం మునిగిపోయింది. ఆ ఏడుగురిని కాపాడినవారిలో ఆ పక్క బోటు సరంగును కూడా నేను లెక్కవేస్తాను.

జవాబు: షిప్‌యార్డు పెద్దాయన

పాత నావికుడు గారు చెప్పిన 34 నాట్ల (గంటకు 34 నాటికల్ మైళ్ల) వేగం గల నౌకలు మన విశాఖపట్నంలోనే తయారయ్యాయన్నది మాస్టారి పిల్లలకు తెలిస్తే సంతోషిస్తారు. హిందుస్థాన్ షిప్‌యార్డు కోస్ట్‌గార్డ్ కోసం 51 మీటర్ల పొడవున్న ఐదు గస్తీ నౌకలు కట్టింది. మొదటిది 'రాణి అబ్బక్క' 2012 జనవరిలో, చివరిది 'రాణి రాష్‌మణి' 2018లో కొలువులో చేరాయి. మధ్యలో రాణి అవంతీబాయి, రాణి దుర్గావతి, రాణి గైడిన్లియు. పదహారో శతాబ్దంలో ఉల్లాల్ తీరంలో పోర్చుగీసువారిని ఎదిరించిన రాణి పేరు మొదటి నౌకకు పెట్టడం ఎంతో సముచితమని మేమంతా అనుకున్నాం.

ఈ నౌకలకు కింద పంకాలు (ప్రొపెల్లర్లు) ఉండవు. మూడు ఇంజన్లు మూడు వాటర్‌జెట్లను తిప్పుతాయి. అడుగు నుంచి నీటిని లోపలికి పీల్చుకుని వెనుక నుంచి బలంగా చిమ్మడం వల్ల నౌక ముందుకు పోతుంది. చిమ్మే మూతినే పక్కకు తిప్పితే నౌక మలుపు తిరుగుతుంది, ధారను ముందుకు మళ్లిస్తే నిలబడుతుంది. తీరం దగ్గర దీని విలువ చాలా ఎక్కువ. లోతు తక్కువ ఉన్న నీటిలో పంకా నేలకు తగిలే భయం ఉండదు. చేపల బోట్ల మధ్య పోతున్నప్పుడు వల పంకాకు చుట్టుకుని జాలరికి నష్టం జరగడం, నౌక ఆగిపోవడం తగ్గుతాయి. నౌకాదళానికి కోల్‌కతాలో కట్టిన కార్ నికోబార్ తరగతి నౌకల్లోనూ ఇదే పద్ధతి. ఆ వరుసలో వచ్చిన తర్ముగ్లి, తిహాయు 2016లో విశాఖలోనే కొలువులోకి వచ్చాయి.

ఒక్క మాట. ఇంత వేగంగా పోయే నౌక డీజిల్ కూడా అంతే వేగంగా తాగుతుంది. అందుకని గస్తీ కాలంలో ఎక్కువ భాగం అది నెమ్మదిగానే తిరుగుతుంది. పూర్తి వేగం అవసరమైన ఆ గంట కోసమే ఆ ఇంజన్లన్నీ. ఇంజన్‌ను కనిపెట్టుకుని చూసేవాళ్లు లేకపోతే ఆ గంట వచ్చినప్పుడు అది పలకదు. మా ప్రాంతంలో ఒక చోట మెరైన్ పోలీసు బోటు విడిభాగాలు రాక నెలల తరబడి జెట్టీకి కట్టి ఉండటం కళ్లారా చూసి మనసు చివుక్కుమంది. నౌక కట్టడానికి పెట్టే శ్రద్ధలో సగమైనా మరమ్మతులకు పెట్టాలని ముప్పై ఏళ్లు ఆ పనిలో ఉన్నవాడిగా గట్టిగా చెబుతున్నాను.

జవాబు: సముద్ర చట్టం విద్యార్థి

అధికారం ఎక్కడి వరకు అన్న మాస్టారి ప్రశ్నకు చట్టం వైపు నుంచి నాలుగు మాటలు. మన సముద్ర మండలాలను నిర్ణయించే చట్టం 1976లో వచ్చింది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందాన్ని భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో ధ్రువీకరించాయి. 12 మైళ్ల లోపల నేల మీద ఉన్నట్లే మన సార్వభౌమాధికారం ఉంటుంది, అయితే హాని చేయకుండా దాటిపోయే విదేశీ ఓడను అడ్డుకోకూడదు. 24 మైళ్ల వరకు సుంకం, వలస, ఆరోగ్యం, పన్నుల చట్టాల అతిక్రమణను అడ్డుకోవచ్చు. ఆ పైన 200 మైళ్ల వరకు చేపలు, ఖనిజాలు మనవే, దారి మాత్రం అందరిది.

గస్తీ నౌకకు చట్టం ఇచ్చిన ముఖ్యమైన అధికారం వెంటాడే హక్కు. నేరం మన జలాల్లో జరిగి, అక్కడే ఆగమని కంటికి కనిపించేలా గానీ చెవికి వినిపించేలా గానీ సంకేతం ఇచ్చి, మధ్యలో ఎక్కడా విడవకుండా తరిమితే, మన మండలం దాటాక కూడా ఆ ఓడను పట్టుకోవచ్చు. అది తన దేశపు ప్రాదేశిక జలాల్లోకో మరో దేశపు ప్రాదేశిక జలాల్లోకో చేరిన మరుక్షణం ఆ హక్కు ముగిసిపోతుంది. మధ్యలో ఒకసారి వదిలేసి మళ్లీ మొదలుపెట్టినా చెల్లదు. కాబట్టి పాత నావికుడు గారు చెప్పిన 'రాసుకోవడం' చిన్న పని కాదు. ఎన్ని గంటలకు, ఏ చోట సంకేతం ఇచ్చారన్నది లాగ్‌బుక్కులో లేకపోతే కోర్టులో కేసు నిలవదు.

మన జాలరుల విషయంలో నన్ను ఎక్కువగా బాధించేది అదే ఒప్పందంలోని 73వ నిబంధన. ఆర్థిక మండలిలో చేపల చట్టాలను ఉల్లంఘించినందుకు, రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం లేనిదే, జైలు శిక్ష వేయకూడదని, తగిన పూచీకత్తు ఇస్తే బోటును, మనుషులను వెంటనే విడిచిపెట్టాలని అది చెబుతోంది. భారత్, పాకిస్తాన్‌ల మధ్య సర్ క్రీక్ వివాదం తేలకపోవడంతో సముద్ర సరిహద్దే ఒప్పందంతో ఖరారు కాలేదు. మాస్టారు బల్ల మీద గీసిన చుక్కల గీత రెండు దేశాలూ సంతకం చేసిన గీత కాదన్నమాట. ఆ అస్పష్టత భారమంతా ఖలాసీల మీద, అంటే బోట్లలో పనిచేసే కూలీల మీద, పడుతోంది. ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి, పాకిస్తాన్ జైళ్లలో ఉన్న మనవాళ్లలో జాలరులే ఎక్కువమంది.

గీత ఖరారైతే ఏ మేరకు మారుతుందో బంగాళాఖాతంలో చూడవచ్చు. బంగ్లాదేశ్‌తో సరిహద్దు 2014 జులైలో మధ్యవర్తుల తీర్పుతో తేలింది. ఆ తర్వాత కూడా బోట్లు దాటుతూనే ఉన్నాయి. 2024 డిసెంబరులో ఒడిశాలోని పారాదీప్‌కు ఎదురుగా మన కోస్ట్‌గార్డ్ రెండు బంగ్లాదేశ్ ట్రాలర్లను 78 మందితో పట్టుకుంది. అయితే 2025 జనవరి 5న రెండు దేశాల కోస్ట్‌గార్డ్ నౌకలు సరిహద్దు రేఖ దగ్గరే కలుసుకుని, మన జాలరులు 95 మందిని, వాళ్ల జాలరులు 90 మందిని మార్చుకున్నాయి. కొద్ది నెలల్లోనే మనుషులు ఇళ్లకు చేరారు. పట్టుకునే గస్తీ నౌకే అప్పగించే నౌక కూడా కావడం నాకు ఎంతో నచ్చింది.

జవాబు: ఖలాసీ కొడుకు

మాస్టారు గారికి నమస్కారం. మా నాన్న పద్దెనిమిది సీజన్లు వేరావల్ బోట్లలో పనిచేశారు, నేను కూడా చదువుకు ముందు రెండు సీజన్లు వెళ్లాను. పెద్దలు చెప్పినదానికి బోటు మీద నుంచి కనిపించే సంగతి కలుపుతాను.

ఆ గీత దగ్గరకు ఎవరూ కావాలని సరదాకు పోరు. ఒక ట్రిప్పు ఇరవై రోజులకు పైగా ఉంటుంది. డీజిల్, ఐసు, తిండి ఖర్చు యజమాని ముందే పెట్టి ఉంటాడు. సింధు నది కలిసే వైపు చేప ఎక్కువ. మన వైపు వల లాగితే ఖాళీగా వస్తున్నప్పుడు తండేలు (బోటు నడిపే పెద్ద) మీద ఒత్తిడి పెరుగుతుంది. వల వేశాక ఇంజన్ నెమ్మదిగా తిప్పుతూ మూడు నాలుగు గంటలు లాగుతాం. ఆ సమయంలో ఎనిమిది మందిలో ఆరుగురం పడుకుంటాం. ఆటు పోటు నీరు బోటును పక్కకు తోస్తూ ఉంటుంది. వల నిండిన బోటును ఉన్నట్టుండి తిప్పడం కుదరదు, వలను కోసేసుకుంటే లక్షల నష్టం. గస్తీ నౌక మైకులో "వెనక్కి పోండి" అన్నప్పుడు వెంటనే తిరగకపోవడానికి ఇదీ ఒక కారణమని గస్తీవాళ్లు కూడా గ్రహించాలి.

తప్పు మా వైపు కూడా ఉంది, దాచను. మంచి చేప దొరికే చోటు పక్క బోటుకు తెలియకూడదని కొందరు రేడియో తీసేస్తారు, ఎక్కడున్నామో చెప్పే పరికరాన్ని ఆపేస్తారు. అప్పుడు మనల్ని వెతికే మన నౌకకు కూడా మనం కనిపించం. రాత్రి దూరంగా దీపాలు కనిపిస్తే అది మనవాళ్లదా, అవతలివాళ్లదా తెలియక గుండె దడదడలాడిన రాత్రులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. తెల్లవారాక నౌక మీద మూడు రంగుల జెండా, తెల్లటి పక్కన నారింజ రంగు అడ్డపట్టీ కనిపిస్తే నాన్న చేతులెత్తి దండం పెట్టేవారు.

తీరు తెలిసిన జాలరిని గస్తీకి కళ్లుగా వాడుకోవాలి. ముంబయిలో 2008లో ఆ రబ్బరు బోటు దిగిన చోట వాళ్లను మొదట చూసి ఎవరని అడిగింది మచ్ఛిమార్ నగర్ అనే జాలరుల బస్తీవాళ్లే. అప్పుడు వాళ్ల మాట వినే ఏర్పాటు లేదు. ఇప్పుడు 1093కు గానీ 1554కు గానీ ఫోన్ చేస్తే పోలీసులు, కోస్ట్‌గార్డ్ అందుకుంటారు, అయితే మా ఊళ్లో ఆ నంబర్లు తెలిసినవాళ్లు కొద్దిమందే.

మళ్లీ: తీరపు మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. ఖలాసీ కొడుకు గారు చెప్పిన పరికరం గురించి ఒక్క సందేహం. గీత దగ్గర పడుతుంటే బోటులో ఉన్నవాళ్లకు దానంతట అదే హెచ్చరిక ఇచ్చే ఏర్పాటు ఇప్పుడు ఉందా?

జవాబు: పాత నావికుడు

ఉంది మాస్టారూ. ఇరవై మీటర్ల పొడవు దాటిన చేపల బోట్లకు ఏఐఎస్ (బోటు ఏదో, ఎక్కడుందో రేడియోలో తెలిపే) పరికరం ఉండాలన్న నియమం 2008 తర్వాతే వచ్చింది. చిన్న బోట్ల కోసం ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లను (సందేశాలు పంపి, అందుకునే పరికరాలను) లక్ష బోట్లకు ఉచితంగా అమర్చే పథకం 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో మొదలైంది. దాని ఖర్చు సుమారు 360 కోట్ల రూపాయలు. అది ఉపగ్రహం ద్వారా రెండు వైపులా పనిచేస్తుంది కాబట్టి సెల్‌ఫోన్ సిగ్నల్ అందని చోట కూడా బోటు నుంచి ఆపద సందేశం ఒడ్డుకు పోతుంది, ఒడ్డు నుంచి తుఫాను కబురు బోటుకు వస్తుంది, సరిహద్దు దగ్గర పడితే హెచ్చరిక మోగుతుంది.

నేను ముందు చెప్పిన లెక్కలో 5 మైళ్ల దగ్గర గమనించామనుకున్నాం. అదే హెచ్చరిక 10 మైళ్ల దగ్గరే మోగిందనుకోండి, బోటు గీత చేరడానికి 75 నిమిషాలు పడుతుంది, గస్తీ నౌకకు అదే 53 నిమిషాలు. ఇరవై రెండు నిమిషాలు మిగులుతాయి. రాత్రిపూట సముద్రం మీద అది చాలా సమయం.

మళ్లీ: తీరపు మాస్టారు

నిన్న రెండు లెక్కలూ పిల్లలతోనే బల్ల మీద వేయించాను. మొదటి లెక్కలో పావుగంట ఆలస్యం అని తేలగానే తరగతి అంతా నిశ్శబ్దమైపోయింది. రెండోది పూర్తయ్యాక ఆ కుర్రాడు, తన చిన్నాన్న ఈ ఆగస్టులో ఎక్కబోయే బోటుకు ఆ ట్రాన్స్‌పాండర్ బిగించారో లేదో సాయంత్రమే ఫోన్ చేసి కనుక్కుంటానని చెప్పాడు. 1554, 1093 నంబర్లను తరగతి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను, ఈ ఆదివారం రామాలయం గోడ మీద కూడా రాస్తాం.